ఒంటిగంట ఇరవైకి వచ్చిన మెట్లు

జూలై 4

మామయ్యకి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను, నా చదువే బాగా లేదు. ఫోన్ చేద్దామంటే అత్తయ్య ఎత్తి, "తిన్నావా, నిద్రపోతున్నావా" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా పెట్టేస్తుంది. నీతో తీరిగ్గా మాట్లాడాలంటే ఉత్తరమే దిక్కు.

డిజైన్ పరీక్ష రెండోసారి కూడా పోయింది మామయ్యా. మొదటిసారి బస్ స్టాప్ గీయమన్నారు. ఎదురుచూసేవాళ్ళకి ఆకాశం కనపడాలి కదా అని కప్పు లేకుండా గీశాను. "వాన పడితే?" అని జ్యూరీవాళ్ళు అడిగారు. "వాన కోసం ఎదురుచూసేవాళ్ళు కూడా ఉంటారు కదండీ" అన్నాను. ఫెయిల్. రెండోసారి బుద్ధి తెచ్చుకుని నాలుగు స్తంభాలు, పైన రేకు, కింద బల్ల గీసి ఊరుకున్నాను. "ఇందులో నీ కాన్సెప్ట్ ఏమిటమ్మా?" అన్నారు. "తడవకపోవడం" అన్నాను. మళ్ళీ ఫెయిల్. ఒకసారి ఆలోచన ఉంది, కప్పు లేదు. ఇంకోసారి కప్పు ఉంది, ఆలోచన లేదు. రెండూ కలిసి ఎలా వస్తాయండీ అని మా డిజైన్ మేడమ్‌ని అడిగితే "ఊఁ" అంది. ఏం చూపించినా ఆవిడ అంతే అంటుంది. అందుకే ఆవిడకి ఊఁ మేడమ్ అని పేరు పెట్టుకున్నాం.

ఆఖరి అవకాశంగా ఇప్పుడు మెట్లు ఇచ్చారు. ఒక ఇంట్లో కింది నుంచి పై గదికి వెళ్ళే చెక్క మెట్లు. ఇది కూడా పోతే ఏడాదంతా మళ్ళీ చదవాలి. నాన్నేమో మళ్ళీ లేదు గిళ్ళీ లేదు, వచ్చి మన రంగుల షాపులో కూర్చో అంటున్నాడు. అంటే ఈ మెట్లు నెగ్గకపోతే నా చదువు ఇక్కడితో సరి. నాకు భయంగా ఉంది.

నా కాన్సెప్ట్ పేరు "సందేహం". మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగుతాయి. వెళ్ళాలా వద్దా అన్నట్టు అక్కడ బాగా వెడల్పవుతాయి. తర్వాత వెనక్కి తిరిగి మళ్ళీ పైకి పోతాయి. లెక్కలు కట్టడానికి ఏదో ఒక ఇల్లు కావాలి కాబట్టి మీ హాలు ఎత్తూ, మెట్లున్న మూల వెడల్పూ కొలిచి రాయి. జ్యూరీకి మోడల్ కూడా చూపించాలి. అందరూ అట్టముక్కలతో చేస్తారు. నువ్వు అసలు సిసలు చెక్కతో చేసి పంపిస్తావా?

నీ మేనకోడలు


జూలై 11

ఇంజనీరమ్మకి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, నా ఎడమచేతి బొటనవేలు తప్ప. దాని మీద సుత్తి పడింది. అది పడటానికి కారణం మీ అత్తయ్య సరిగ్గా అప్పుడే పిలవడం, కానీ ఆ మాట ఇంట్లో పైకి అనలేను.

నిన్ను జ్యూరీ ముందు నిలబెట్టారని చదవగానే నా గుండెల్లో రాయి పడింది. అత్తయ్యకి చెబితే, "పిల్ల ఏం చేసిందో ముందు కనుక్కోండి, లాయరు సంగతి తర్వాత చూద్దాం" అంది. రెండుసార్లు పిలిపించారంటే చిన్న కేసు అయి ఉండదు. ఏదైనా ఉంటే నాతో చెప్పు, మీ నాన్న దాకా వెళ్ళనివ్వను.

ఇక మెట్ల సంగతి. మెట్లకి సందేహం ఏమిటే తల్లీ? ఎక్కేవాడికి ఉంటే సరిపోదా? నేను కట్టిన మెట్లు నువ్వు చూశావుగా. కింద మొదలుపెడితే పైనే ఆగుతాయి. నిటారుగా ఉంటాయి, చోటు తినవు, పక్కన నా చెక్కలు పేర్చుకోవడానికి మూలంతా మిగిలింది. వాటి కాన్సెప్ట్ ఏమిటని ఎవరూ నన్ను అడగలేదు, ఎందుకంటే ఎక్కి పైకొచ్చేసరికి వాళ్ళకి ఊపిరి ఉండదు.

అయినా నువ్వు అడిగాక కాదనను. తలుపులూ మంచాలూ తప్ప కాగితం చూసి ఏదీ చేసినవాణ్ణి కాదు, నా పనంతా కంటి కొలతే. కానీ కొలతలు వేసి ఇస్తే చేయలేకపోయేంత మొద్దుని కూడా కాను. హాలు కొలతలు ఈ కాగితం వెనక ఉన్నాయి. బొమ్మ గీసి పంపు.

మామయ్య


జూలై 18

మామయ్యా,

మొట్టమొదట, నేను ఇంజనీరుని కాను, ఆర్కిటెక్ట్‌ని కాబోతున్నాను. నువ్వు వడ్రంగివా, కమ్మరివా అంటే నీకెలా ఉంటుంది? రెండోది, జ్యూరీ అంటే కోర్టు కాదు. మా మాస్టర్లు నలుగురు వరసగా కూర్చుని, మేము గీసినవి చూసి, మమ్మల్ని ఏడిపిస్తారు. లాయర్ని పెట్టుకోనివ్వరు.

బొమ్మ ఇందులో పెట్టాను. కొలతలన్నీ వేశాను. కింద కుడి మూలన 1:20 అని రాశాను. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా పుట్టి మునగదు గానీ, అది మాత్రం తప్పకూడదు. జ్యూరీ ఆగస్టు 20న. ముందురోజుకి నా చేతికి అందాలి.

రెయిలింగ్ లేదేమిటని అడుగుతావని తెలుసు. కావాలనే తీసేశాను. సందేహంలో ఉన్న మనిషికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అదీ నా ఉద్దేశం.

మీ మెట్ల గురించి ఒక మాట అడగనా? పోయినసారి వచ్చినప్పుడు ఎక్కడానికి నాకే ఆయాసం వచ్చింది. మరి ఆ మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య పైకి ఎలా వస్తోంది?

ఆర్కిటెక్ట్ (కాబోయే)


జూలై 27

చిరంజీవి ఇంజనీరమ్మకి,

బొమ్మ అందింది. గోడకి అంటించాను. మూలన రాసింది రెండుసార్లు చూసుకున్నాను. అంత ఖచ్చితంగా ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ, పెద్ద చదువుల్లో నిమిషాలకి కూడా విలువ ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఇచ్చిన మాట తప్పను.

పని మొదలైంది. మంచి చెక్కే తీశాను. నువ్వు సందేహం అన్న చోటుని నేను అరుగు అంటున్నాను, ఎందుకంటే అది అరుగే. దాని కింద బోలెడంత ఖాళీ ఉంది. చెక్క కింద ఖాళీ కనిపిస్తే సొరుగు పెట్టకుండా నా చెయ్యి ఊరుకోదని నీకు తెలుసు. పెట్టేశాను. తిట్టకు. రెయిలింగ్ సంగతి నువ్వు చెప్పినది శ్రద్ధగా చదివాను. చదివి రెయిలింగ్ పెట్టాను. సందేహం ఎంతైనా పడనీ, మనుషులు పడకూడదు.

రెండు విషయాలు వెంటనే రాయి. మీ హాస్టల్ గేటు ఎంత వెడల్పు? బరువు ఎత్తడానికి అక్కడ మనుషులు దొరుకుతారా?

అత్తయ్య పైకి రాదు. "నాకెందుకు ఆ పై గది, మీరే ఏలుకోండి" అంటుంది. నేను మధ్యాహ్నం అన్నం తిని పైకెక్కి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటే, సాయంత్రం దాకా నన్ను పిలిచే నాథుడు లేడు. పిలిచినా వినపడదు. ఇందులో ఎవరికీ నష్టం లేదు కదా.

మామయ్య


ఆగస్టు 5

మామయ్యా,

గేటు ఏనుగు దూరేంత ఉంది. మనుషులు కూడా కావలసినంత మంది ఉన్నారు, నా గదిలోనే ముగ్గురం. నీ వేళాకోళం చదివి ఇక్కడ అందరం పడీపడీ నవ్వాం. ఈ మధ్య నేను నవ్వింది అప్పుడే.

ఎందుకంటే నిన్న ఊఁ మేడమ్ నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. ఊఁ అంటుందనుకున్నాను. "ఎవరి కోసం ఇది?" అని అడిగింది. ఆవిడ నోట అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. "మనిషి కోసం" అన్నాను. "ఏ మనిషి?" అంది. నేను నా బొమ్మలోకి చూశాను, అందులో ఎవరూ లేరు. అప్పుడు ఊఁ అని వెళ్ళిపోయింది.

రాత్రంతా కూర్చుని చూసుకుంటే ఆ మెట్లు ఎవరికీ పనికిరావనిపించింది. మధ్యలో అంత చోటు ఎందుకు? ఎవరు ఆగుతారక్కడ? మళ్ళీ కప్పు లేని బస్ స్టాపే గీశాను నేను. మామయ్యా, సందేహం తీసేసి తిన్నగా పెట్టేద్దామా? నీ మెట్ల లాగా. కనీసం పనికొచ్చేవి గీసిందని అయినా అంటారు. నువ్వు ఇంకా మొదలుపెట్టి ఉండకపోతే ఆపెయ్. అసలు ఈ చదువు నాకు తగినదేనా అని కూడా అనిపిస్తోంది. నాన్న రంగుల షాపులో నా కోసం స్టూలు కూడా కొన్నాడట.

నీ మేనకోడలు


ఆగస్టు 15

ఇంజనీరమ్మా,

మొదలుపెట్టకపోవడం ఏమిటి, చిత్రిక పట్టి నునుపు చేయడం కూడా అయిపోయింది. ఇప్పుడు ఆపెయ్ అంటే నేను ఏమవ్వాలి? పెరడంతా నీ సందేహమే నిండిపోయింది. బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదని అత్తయ్య రోజూ నామీద ఒంటికాలి మీద లేస్తోంది. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూసి, "పైన గది ఎప్పుడు వేస్తారు?" అని అడుగుతున్నారు.

తిన్నగా పెడదామా అన్నావు. చెప్పకూడదు గానీ, నిన్న సాయంత్రం నేను పరీక్షించడానికి ఎక్కాను. అరుగు దాకా వెళ్ళి ఆగాను. ఆగవలసిన అవసరం లేదు, ఊరికే ఆగాను. చాలాసేపు కూర్చున్నాను. ఎందుకు బావుందో నాకు తెలియలేదు, కాబట్టి అది నువ్వే జ్యూరీకి చెప్పుకోవాలి.

ఇంట్లో ఇంకో గొడవ. అత్తయ్య కళ్ళజోడు కనపడటం లేదు. నా చెక్కపొట్టులోనే పోయిందని నన్ను తినేస్తోంది. పొట్టంతా జల్లెడ పట్టాను, లేదు. పైగా ఈ మధ్య నేను కునుకు తీసి కిందికి దిగేసరికి ఆవిడ వంటింట్లో ఉండటం లేదు. ఎక్కడికెళ్ళావంటే "పెరట్లో గాలి పీల్చుకుంటున్నా" అంటుంది. మా పెరట్లో ఆ గాలి ఎప్పటినుంచి మొదలైందో మరి.

లారీ మాట్లాడాను. మూడు ముక్కలు చేసి, బోల్టులు విడిగా సంచిలో వేశాను. డ్రైవరు నా స్నేహితుడే. నువ్వు మూలన రాసిన వేళకి ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా ఊరుకోనని చెప్పాను. మధ్యలో టీకి కూడా ఆగనని మాటిచ్చాడు.

మామయ్య


ఆగస్టు 20, జ్యూరీ అయ్యాక

మామయ్యా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. నీ లారీ నిన్ననే అందింది.

1:20 అంటే ఒంటిగంట ఇరవై కాదు మామయ్యా. అసలు కొలతలో ఇరవయ్యో వంతు అని. నేను అడిగింది చెప్పుల పెట్టెలో పట్టే బొమ్మ మెట్లు.

నిన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే వాచ్‌మన్ వచ్చి, "మీ మేడ వచ్చింది, దింపుకోండి" అన్నాడు. వెళ్ళి చూస్తే గేటు నిండా లారీ, లారీ నిండా నా మెట్లు. హాస్టలు హాస్టలంతా బయటికొచ్చి నోరెళ్ళబెట్టి చూస్తోంది. ఎత్తడానికి మనుషులున్నారా అని నువ్వు అడిగింది వేళాకోళం కాదని అప్పుడు తెలిసింది. నా గదిలోవాళ్ళు ఇంకా నాతో మాట్లాడటం లేదు, నడుములు పట్టేశాయి. కాలేజీ తలుపులో అది దూరలేదు. ముందున్న ఖాళీ స్థలంలోనే బోల్టులు బిగించి నిలబెట్టాం. పైకి ఎక్కితే ఏమీ లేదు, గాలి ఉంది. రాత్రి దాని పక్కనే కూర్చుని, రంగుల షాపులో ఏ రంగు డబ్బా ఎక్కడ ఉంటుందో గుర్తు చేసుకున్నాను.

ఇవాళ జ్యూరీ బయటికే రావలసి వచ్చింది. అందరూ నా చుట్టూ నిలబడ్డారు. "స్కేలు ఎంత?" అని ఒక మాస్టారు అడిగారు. "కాగితం మీద 1:20 అని ఉందండీ" అన్నాను. పక్కనే ఉన్న వాచ్‌మన్ నాకు సాయం చేద్దామని, "అవునండీ, సరిగ్గా ఒంటిగంట ఇరవైకే వచ్చింది, నేనే గేటు తీశాను" అన్నాడు. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఇక దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పేశాను. మా మామయ్య పొరపాటుపడ్డాడని, రెయిలింగ్ నాది కాదని, సొరుగు కూడా నాది కాదని.

జ్యూరీలో మా మాస్టర్లు కాక బయటినుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు, కర్ర పట్టుకుని నడుస్తారు. మిగతావాళ్ళు మాట్లాడుతుండగానే ఆయన నీ రెయిలింగ్ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. అరుగు దాకా వెళ్ళి, కర్ర పక్కన పెట్టి, కూర్చున్నారు. దిగరు. నా తర్వాత ఇద్దరు విద్యార్థులని వాళ్ళు గీసినవి చూపించమని అక్కడినుంచే అడిగారు. టీ కూడా అక్కడికే తెప్పించుకున్నారు. నువ్వు పెట్టిన రెయిలింగ్ లేకపోతే ఆయన అక్కడిదాకా వెళ్ళేవారు కాదు. నేను గీసిన అరుగు లేకపోతే ఆగేవారూ కాదు. మన ఇద్దరిలో ఎవరు నెగ్గామో నాకు తెలియడం లేదు.

అప్పుడు ఊఁ మేడమ్ మళ్ళీ అదే అడిగింది, ఎవరి కోసం ఇది అని. అంతలో పెద్దాయన ఊరికే కూర్చోలేక కాళ్ళ దగ్గర సొరుగు లాగారు. అందులో అత్తయ్య కళ్ళజోడు ఉంది. సగం అల్లిన ఊలు స్వెట్టరు ఉంది.

నీ ఉత్తరం పొద్దునే చదివి ఉన్నాను కదా, ఒక్కసారిగా అర్థమైంది మామయ్యా. నువ్వు పైన కునుకు తీస్తున్నంతసేపూ అత్తయ్య పెరట్లో నా సందేహం ఎక్కి కూర్చుంటోంది. నాకు ఏడుపొచ్చింది. "మా అత్తయ్య కోసం మేడమ్" అన్నాను. "ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఒక్క ఊపున ఎక్కలేదు. మధ్యలో కూర్చోవాలి. కూర్చున్నప్పుడు ఏదో ఒకటి చేసుకోవాలి. ఇది గీసినప్పుడు ఆవిడ కోసమని నాకు తెలియదు, కానీ కొలతలు మాత్రం ఆవిడ ఇంటివే."

మేడమ్ ఊఁ అనలేదు. కళ్ళజోడు తీసుకుని, తుడిచి, నా చేతిలో పెట్టింది. ఫలితం ఇంకా చెప్పలేదు.

కళ్ళజోడు విడిగా పోస్టులో పంపుతున్నాను. చెక్కపొట్టు జల్లించడం ఆపెయ్.

నీ మేనకోడలు


ఆగస్టు 29

మామయ్యా,

పాసయ్యాను. మార్కుల కాగితం మీద ఊఁ మేడమ్ రాసింది ఒకటే మాట: "స్కేలు నేర్చుకొమ్మని మీ మామయ్యకి చెప్పు." నాన్నకి ఫోన్ చేస్తే, స్టూలు వెనక్కి తీసుకుంటారేమో షాపులో అడుగుతానన్నాడు. గొంతులో సంతోషం మాత్రం దాచలేకపోయాడు.

మెట్లు రేపు అదే లారీలో వస్తున్నాయి. వాటిని పెరట్లో పెట్టి బట్టలు ఆరేసుకుంటే ఒప్పుకోను. ఆ కొలతలు మీ హాలువే. నీ పాత మెట్లు తీసి వాటిని పెట్టు. నీ చెక్కల మూల పోతుందని తెలుసు. పోనీ.

ఆర్కిటెక్ట్ (ఇంకా కాబోయే)


సెప్టెంబరు 16

ఆర్కిటెక్టమ్మకి మామయ్య ఆశీస్సులు.

ఈ మాట రాయడానికి రెండు కాగితాలు పాడయ్యాయి, కాబట్టి ఇకముందు తప్పు పట్టకు.

నీ ఉత్తరాలు వచ్చినప్పటినుంచి నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. ఒంటిగంట ఇరవై సంగతి డ్రైవరు ఊరంతా టాం టాం చేశాడు. టీ కొట్టు దగ్గరికి వెళితే "ఇరవయ్యో వంతు టీ ఇవ్వనా" అంటున్నారు. అది భరించవచ్చు. కానీ ఇంట్లో నా పక్కనుండే మనిషి మెట్లు ఎక్కలేకపోతోందని నాకు తెలియకపోవడం ఏమిటి? నాకెందుకు ఆ పై గది అంటే, ఇష్టం లేదేమో అనుకున్నాను. అడిగితే "మీరు అడిగారా?" అంది. అడగలేదు. నువ్వు ఉత్తరంలో అడిగావు, నేనే మాట దాటేశాను.

పాత మెట్లు ఊడదీశాను. ఆఖరిసారి ఒకసారి ఎక్కి దిగి, రంపం పెట్టాను. చెక్కలన్నీ వరండాలోకి పోయాయి, ఇప్పుడు వచ్చినవాళ్ళందరూ వాటికి తట్టుకుని పడుతున్నారు. కొత్తవి మూలలో అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. నీ లెక్క బాగుంది, ఒప్పుకుంటున్నాను. అత్తయ్య మొన్న ఎక్కడం మొదలుపెట్టింది. అరుగు మీద కూర్చుంది. ఇప్పుడు కష్టం ఏమిటంటే, ఆవిడ అక్కడ కూర్చుంటే వంటింట్లో పాలు పొంగడమూ కనిపిస్తుంది, పైన నేను కునుకు తీయడమూ కనిపిస్తుంది. నా ప్రశాంతత సంగతి నీ కాన్సెప్ట్‌లో ఎక్కడా

ఏమే పిల్లా, నేను అత్తయ్యని. ఫోన్ లాక్కున్నట్టే ఉత్తరం కూడా లాక్కున్నాను. మీ మామయ్య అక్కడ ఆపి టీ పెట్టడానికి వెళ్ళాడు. నేను నీ సందేహం మీద కూర్చుని రాస్తున్నాను.

తిన్నావా? నిద్రపోతున్నావా? సరే.

ఇవాళ పై గదికి వెళ్ళాను. చాలా ఏళ్ళయింది చూసి. అరుగు దగ్గర ఆగి, స్వెట్టరు రెండు వరసలు అల్లుకుని, మళ్ళీ లేచి వెళ్ళాను. కిటికీ దగ్గర కుర్చీ ఉందని మీ మామయ్య చెబుతుంటాడు కదా. ఒకటి కాదు, రెండున్నాయి. ఒకటి బాగా అరిగిపోయింది. రెండోదాని మీద ఎవరూ కూర్చున్నట్టే లేదు, కాస్త కురచగా ఉంది, చెక్క మాత్రం పాతబడింది. నేను కూర్చుంటే నా కాళ్ళు సరిగ్గా నేలకి ఆనాయి. ఇది ఎప్పుడు చేశారు, ఎవరి కోసం అని అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, "చెక్క మిగిలితే చేశాను" అన్నాడు.

దాని కింద కూడా సొరుగు ఉంది. తీసి చూశాను, ఖాళీ. ఇవాళ్టి నుంచి నా కళ్ళజోడు అందులో ఉంటుంది.

అత్తయ్య